నిమిషాల పుస్తకం

“ఆ పుస్తకం మూసేసి బస్సు దిగండి పెద్దమ్మా!”

డ్రైవరమ్మ అరుపుకి దిగుతున్న వాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

మూడు వారాలుగా ఓపిక పట్టింది మరి.

రోజూ మొదటి ట్రిప్పుకే ఈ పెద్దావిడ ఎక్కుతుంది. డ్రైవరు మొహం అద్దంలో కనబడే సీటు చూసుకుని మరీ కూర్చుంటుంది. చివరిదాకా వెళ్లి, అదే బస్సులో తిరిగొస్తుంది. దారి పొడవునా చిన్న పుస్తకంలో ఏదో గీకుతూనే ఉంటుంది.

డిపో వాళ్లు పెట్టిన నిఘా కాకపోతే మరేమిటి?

అసలే డ్రైవరమ్మకి ఒంట్లో బాగుండటం లేదు. నలభై తొమ్మిదేళ్లు. నెలసరి ఆగాక ఒళ్లంతా ఆవిర్లు, కంటి మీద కునుకు లేదు. డాక్టరమ్మ పొద్దున వేసుకోమని రెండు రకాల హార్మోను మాత్రలు రాసింది. ఆవిర్లు తగ్గాయి గానీ వికారం, తల పగిలిపోయే నొప్పి పట్టుకున్నాయి.

మాత్ర వేసుకుంటే తల నిలవదు, మానేస్తే నిద్ర రాదు. ఎక్కిన వాళ్ల ప్రాణాలన్నీ తన చేతిలోనే ఉన్నాయాయె. పద్దెనిమిదేళ్లు ప్రాణంగా చూసుకున్న ఉద్యోగానికి రాజీనామా రాసి, ఎవరికీ చెప్పకుండా సంచిలో పెట్టుకు తిరుగుతోంది.

“నా తప్పులన్నీ ఎవరి చెవిన వేస్తున్నారో చెప్పండి ముందు!”

“నీ చెవినే వేద్దామని, తల్లీ.”

పెద్దావిడ పుస్తకం ఆమె చేతిలో పెట్టింది. “మీ డాక్టరుకి చూపించు. చూపించకుండా మాత్రం ఉద్యోగం మానకు.”

డ్రైవరమ్మ సంచిలోని రాజీనామా కాగితం తడుముకుంది. ఈవిడకెలా తెలిసింది?

అడిగేలోపే ఆవిడ దిగి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

పుస్తకంలో తప్పన్నదే రాసి లేదు.

“ఆరు. వట్టి నీళ్లతో మాత్ర. ఆరూ నలభై, వికారం, పెదవి బిగపట్టింది. ఎనిమిదీ అయిదు, వంతెన దగ్గర కణత నొక్కుకుంది.”

ప్రతి రోజుకీ ఒక పేజీ. చివర్లో, “మాత్ర వేసుకోని రెండు రోజులూ కణత జోలికి పోలేదు. చెమటలు మాత్రం ధారగా కారాయి.”

డాక్టరమ్మ పేజీలు తిప్పుతూ కళ్లద్దాలు సవరించుకుంది.

“ఎవరమ్మా ఇది రాసింది? మీరు ‘మందు పడట్లేదండీ’ అన్న ఒక్క ముక్కే చెప్తారు. నాకు కావలసిందంతా ఇందులో ఉంది!”

“అయితే మానెయ్యనా?”

“మానక్కర్లేదు, మారిస్తే చాలు. పొద్దున మింగే మాత్ర బదులు ఒంటికి అంటించుకునే పట్టీ ఇస్తాను, మోతాదు కూడా తగ్గిద్దాం. మందు కొద్దికొద్దిగా ఎక్కుతుంది. ఆ రెండో రకం మాత్ర మాత్రం పొద్దున కాకుండా పడుకునే ముందు వేసుకోండి. నెలన్నర తర్వాత మళ్లీ చూద్దాం.”

నెలన్నర తిరిగేసరికి తల తేలికపడింది. వికారం పోయింది. హాయిగా నిద్ర పడుతోంది. రాజీనామా కాగితాన్ని డ్రైవరమ్మ నాలుగు ముక్కలు చేసింది.

అప్పుడు గానీ పెద్దావిడ మీద అరిచిన అరుపు గుండెలో గుచ్చుకోలేదు. పుస్తకం పట్టుకుని డిపోకి పరిగెత్తింది.

అక్కడి ముసలి గుమాస్తా ఒక పేజీ చూసి ఆగిపోయాడు. “నిమిషాలతో సహా ఇలా రాసే చెయ్యి ఒక్కటే నాకు తెలుసమ్మా.”

“ఎక్కడుంటారు బాబాయ్? కాళ్లు పట్టుకుని క్షమించమని అడగాలి.”

“పోయిన నెలలోనే పోయింది తల్లీ. గుండె జబ్బు. ఎక్కువ రోజులు లేవని ముందే తెలుసు ఆవిడకి.”

డ్రైవరమ్మ అతని చేతిలోని పుస్తకంకేసి చూసింది. ఆ మిగిలిన రోజుల్లో మూడు వారాలు తన మొహం చూస్తూ గడిపిందా ఆ మహాతల్లి!

“డాక్టరా బాబాయ్ ఆవిడ?”

“కాదమ్మా,” అన్నాడు గుమాస్తా పుస్తకం మూస్తూ. “ఈ డిపోలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి. ఇవే ఆవిర్లతో, ఇదే తలనొప్పితో, ఎవరికి చెప్పుకోవాలో తెలియక యాభయ్యో ఏట రాజీనామా ఇచ్చేసింది.”