పందొమ్మిదో వరుస

పంపేముందు పట్టికను మరోసారి చూస్తూ డైరెక్టర్ గారు ఒకచోట వేలు ఆపారు.

“రాబోయే ఇరవై ఏళ్లలో ఏ ఊరికి ఎంత కరెంటు కావాలన్నది కదమ్మా ఇది? అన్ని ఊళ్లూ పైకే పోతున్నాయి. ఈ పందొమ్మిదో వరుస మాత్రం ఎనిమిదేళ్లకే సున్నా అయిపోయిందేమిటి? వేలు జారిందా?”

“లేదు సార్. అప్పటికి అక్కడ డ్యామ్ నీళ్లుంటాయి.”

“ఓహో, అవును! కొత్త ఫ్యాక్టరీలన్నిటికీ కరెంటు అక్కణ్నుంచే కదా. సున్నా అలాగే ఉండనీ. ఖాళీ వదిలితే, ఈ లెక్కలు అడిగిన ప్రపంచ అంచనాల సంస్థవాళ్లు వెనక్కి పంపుతారు. అన్నట్టు, ప్రకటన వచ్చేదాకా ఎక్కడా నోరు జారకు. ఉద్యోగాలు పోతాయి.”

“అలాగే సార్.”

ఆమె సున్నాను కొంచెం లావు చేసింది. టీ తాగింది. చల్లారిపోయిందని సగం తాగాక తెలిసింది.

మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు.

“చెల్లీ, పైన పిల్లలకి రెండు గదులు వేస్తున్నాం కదా, పని వైరింగు దగ్గర ఆగింది. ముప్పై ఏళ్లు చెక్కుచెదరని వైరు వేయించుకోమంటున్నాడు ఎలక్ట్రీషియన్. సగం ధరకే పదేళ్లు వచ్చేది కూడా ఉందిట. నీకు తెలిసినంత మాకేం తెలుసు! ఏది వెయ్యమంటావ్?”

స్క్రీన్ మీద పందొమ్మిదో వరుస మొదట్లో తమ ఊరి పేరుంది.

“పదేళ్లది చాలన్నయ్యా.”

“బతికించావు. కరెంటాఫీసులో మన మనిషి ఉండగా మనకేం భయమని మీ వదిన అంటూనే ఉంది.”