చెడిపోయిన ఆట

మెకానిక్ నాలుగో మర తిప్పి మీటలతో సహా ఆ పాత కంప్యూటర్ పైమూత ఎత్తగానే గుప్పుమని కంపు కొట్టింది. లోపల ఎలుక పెంటికలు, బొద్దింకల రెక్కలు, వాటి మధ్య పగిలిన బల్లి గుడ్లు. చెల్లెలు పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

"ఛీ! దీన్ని పారేయక ఇంట్లో పెట్టుకున్నావేంటి అన్నయ్యా?"

"నీకేం తెలుసే దీని విలువ," అన్నాడు అన్న. పైమూతని ఒళ్ళో పెట్టుకుని చంటిబిడ్డని నిమిరినట్టు నిమిరాడు. "ఆ రోజులే వేరు. బడి నుంచి రాగానే సంచి ఒక మూల, చెప్పులు ఒక మూల. టీవీకి తగిలించుకుని నిచ్చెనల దొంగ ఆట! పదకొండో అంతస్తు దాకా ఎక్కించేవాణ్ణి."

మూతని తిరగేశాడు. జిడ్డు పట్టిన మీటల సందుల్లోంచి పచ్చటి ముక్కలేవో పొలుసుల్లా ఒళ్ళో రాలాయి.

"నా గోళ్ళే!" అని మురిసిపోయాడు. "ఆడుతూ కొరికేవాణ్ణి కదమ్మా!"

"కొరికేవాడివే," అంది కుర్చీలోంచి తల్లి. "ముద్దలు కూడా నేనే కలిపి నోట్లో పెట్టేదాన్ని. నీ చేతులెక్కడ ఖాళీ?"

అతను ఒక గోటి ముక్కని వెలుతురుకి ఎత్తి చూసుకుంటున్నాడు. చెల్లెలు మొహం తిప్పుకుంది.

"నాకు ఒక్కసారైనా ఆడనిచ్చావా?" అంది.

"ఆడనివ్వాలా? ముట్టుకుంటేనే కొంప ముంచావు. విను మెకానిక్కూ, అప్పట్లో ఆట క్యాసెట్‌లో ఉండేది."

"తెలుసు సార్. టేప్ రికార్డర్‌కి వైరు గుచ్చి క్యాసెట్ తిప్పితే, పది నిమిషాలకి ఆట ఎక్కేది."

"అదీ! ఆ క్యాసెట్‌ని ఈ చెడగొట్టు పాడుచేసింది. ఒకరోజు ఆట సగం ఎక్కి ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు. నాన్న కర్రస్కేలుతో వాయించారు. ముందు నేను కాదంది. పదో దెబ్బకి ఒప్పుకుంది!" తొడ చరుచుకుని నవ్వాడు.

ముప్పై ఐదేళ్ళుగా అదే నవ్వు. ఇంట్లో మిక్సీ కాలినా, కుళాయి కారినా, ఆమె ఊళ్ళో లేకపోయినా, పేరు మాత్రం ఆమెదే.

"పదోదానికి ఒప్పుకోకపోతే పదకొండోది పడేది," అంది. "నేను దాన్ని ముట్టుకోలేదు."

"పోనీలేవే," అంది తల్లి. "తెలియని వయసు. ఎప్పుడో క్షమించేశాం కదా."

ఆ క్షమ ఎలుక పెంటికల కంటే ఎక్కువ కంపు కొట్టింది ఆమెకి.

మెకానిక్ కంప్యూటర్ పక్కనే పడున్న ఆ పాత క్యాసెట్‌ని గుడ్డతో తుడిచి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక మాట సార్. పిల్లలు ముట్టుకుంటే ఆట చెరిగిపోదు. దీని మీద ఇంకేదో రికార్డు చేసుండాలి."

"ఇదే చేసుంటుంది."

"వింటే తెలిసిపోతుంది. అప్పట్లో వైరు గుచ్చి ఉండటంతో శబ్దం కంప్యూటర్‌లోకే పోయేది, బయటికి వినపడేది కాదు. ఆ వైరు ఎలుకలు కొట్టేశాయి. ఈ టేప్ రికార్డర్‌లో ఉత్తినే పెట్టి వినొచ్చు."

"పెట్టు బాబూ," అంది చెల్లెలు. "ఎవరి గొంతు వస్తే వాళ్ళే చెడగొట్టు. సరేనా అన్నయ్యా?"

"సరే. నీ గొంతే వస్తే?"

"చచ్చేదాకా మళ్ళీ నోరెత్తను."

"ఇప్పుడెందుకురా ఆ చెత్తంతా?" అంది తల్లి. "లేవండి, భోంచేద్దురుగాని."

మెకానిక్ అప్పటికే మీట నొక్కాడు. రేకుని మేకుతో గీకినట్టు కీచుమని మోత. అన్న కళ్ళు మూసుకుని తల ఊపాడు. "ఇదే! ఇదే నా ఆట!"

టప్పున మోత ఆగింది. ఎవరో ఖళ్ళున కఫం లాగి గొంతు సవరించుకున్నారు. తర్వాత పాట. శ్రుతి ఒక దారి, గొంతు ఒక దారి.

"నాన్న!" అన్నాడు అన్న. ఆయన పోయి ఆరేళ్ళయింది. అన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడు చెప్పు," అంది చెల్లెలు. "ఎవరు చెడగొట్టు?"

"పాపం, ఖాళీ క్యాసెట్ అనుకుని ఉంటారే. తెలియక చేశారు. తెలియకే నిన్నూ కొట్టారు."

కావచ్చు, అనుకుంది ఆమె. ఇన్నేళ్ళ కసి కాస్త కరిగింది. తెలియక కొట్టిన మనిషిని ఏమంటాం?

"ఇక ఆపు బాబూ," అంది తల్లి.

మెకానిక్ చెయ్యి చాచాడు. చెల్లెలు ఆ చేతిని పట్టుకుంది. "ఉండు. పాట పూర్తి కానీ."

పాట అయిపోయింది. క్యాసెట్‌లో గాజుల చప్పుడు, వెనకే వయసులో ఉన్న ఆడగొంతు. "అయ్యో, ఏవండీ! అది పిల్లాడి ఆట క్యాసెట్టండీ. వాడు ఇల్లు పీకి పందిరేస్తాడు."

"నోరు మూసుకో. చిన్నది చేసిందంటే సరి. నాలుగు తగిలిస్తాను, వాడు చల్లబడతాడు."

టేపు బుస్సుమంటూ తిరుగుతోంది. కుర్చీలో తల్లి తన కాళ్ళకేసి చూసుకుంటోంది.

"సరే గానీ," అంది క్యాసెట్‌లో అమ్మ, "చేతుల మీదే కొట్టండి. మొహం మీద పడితే నలుగురూ అడుగుతారు."