వీపు మీద చెయ్యి

“షిఫ్టు దిగాక స్నానాల గదిలో మీ కొడుకు నా క్లయింటు వీపు మీద చెయ్యి వేశాడు. అది తట్టుకోలేక ఇతను చేతికందిన రాడ్డుతో కొట్టాడు. చంపాలని కాదమ్మా,” అన్నాడు సంపత్ తరఫు వకీలు.

సాక్షి బోనులో నిలబడిన ఓదెమ్మ కొంగు సర్దుకుంది.

“వీపు మీది బొగ్గుమసికి ఎవరి చెయ్యి వాళ్లకు అందదు సారూ. బొగ్గుబాయి దిగి వచ్చినోళ్లు ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటరు. మా ఆయన ముప్పై ఏండ్లు గట్లనే కడుక్కున్నడు.”

“మీ కొడుకు సంగతి వేరు. అతను మగవాళ్లను ఇష్టపడేవాడు. అవునా, కాదా?”

వెనక బెంచీ మీది నుంచి ఆమె తమ్ముడు కళ్లతోనే బతిమాలాడు. కాదని ఒక్క మాట అంటే ఇంటి పరువు దక్కుతుంది.

“అవును,” అంది ఓదెమ్మ. “మూడేండ్ల కింద నాకు చెప్పిండు. నెల దినాలు నేను వాని మొఖం చూడలేదు. సంపత్‌కు గూడ అప్పుడే చెప్పిండు. ‘అయితే ఏంది, రేపు నా వీపు రుద్దవా?’ అన్నడట. ఆ ఒక్క మాట మీదనే బతికిండు నా కొడుకు.”

సంపత్ తల దించుకున్నాడు.

“మూడేళ్లు లేని కోపం ఆ రోజే ఎందుకొచ్చిందమ్మా?” జడ్జి అడిగారు.

“మొన్న సాక్షులు చెప్పిన్రు గద అయ్యా, ఆ దినం నలుగురు చూసి నవ్విన్రని. చెయ్యి రోజూ పడేదే. ఆ నవ్వే కొత్తది.”