సూరత్‌లో కీచురాళ్లుండవు

"ఇదేనా బిడ్డా?"

పరుశురాం గుప్పిట కొంచెం తెరిచి చూపించాడు. ఊర్మిళ వంగి చూసి ఏదో అంది.

"జర గట్టిగ చెప్పు."

"మిడత బాపూ! మీసాలు సూడు, పొట్టిగున్నయి. కీచురాయి మీసాలు ఒంటికంటె పొడుగుంటయి."

పరుశురాం గుప్పిట విప్పాడు. మిడత ఎగిరి తుమ్మకంప మీద వాలింది.

సూరత్ శివారు భేస్తాన్‌లో మరమగ్గాల షెడ్ల వెనక ఖాళీ జాగా అది. ఆదివారం కాబట్టి మగ్గాలు ఆగాయి. మిగతా రోజుల్లో రాత్రీ పగలూ చెవులు దిమ్మెక్కే మోత. భోజనాలయ్యాక మొదలుపెట్టి తండ్రీకూతుళ్లు ఇంకా రాళ్లు తిరగేస్తూనే ఉన్నారు.

ఊర్మిళ తల్లి పోయి రెండు నెలలైంది. సిరిసిల్ల దగ్గరి పల్లెలో తల్లి కొంగు పట్టుకుని పెరిగిన పిల్ల. ఏడాదికోసారి వచ్చిపోయే తండ్రి ఆమెకు చుట్టంలాంటివాడు. సూరత్‌కు తెచ్చి వారం కాలేదు, పిల్ల నోరు విప్పడం లేదు. విప్పినా పెదవులు కదులుతాయి గాని మాట బయటికి రాదు. దుఃఖం గొంతులో అడ్డం పడిందనుకున్నాడు పరుశురాం. రేపు పొద్దున మేనమామ వచ్చి ఊరికి తీసుకుపోతానన్నాడు. ఆమె బట్టల సంచి కూడా సర్దుకుంది.

ఉండబట్టలేక నిన్న అడిగాడు, "ఈడ నీకేం తక్కువైంది బిడ్డా?" అని.

దగ్గరికి జరిగి చెప్పింది. "అమ్మ బీడీలు చుట్టుకుంట కూసుంటే, పొద్దుగూకంగనే గోడపొంటి కీచురాయి అరిసేది. 'అగో, మీ బాపు మగ్గం నడుపుతుండు, పండుకో' అనేది అమ్మ. గా సప్పుడు ఇంటేనే నిద్రొచ్చేది."

"నేను పట్టిస్తే ఉంటవా?"

ఊర్మిళ తలూపింది. ఆ తలూపు కోసమే ఈ వెతుకులాట.

"ఏం తవ్వుతున్నవే పరుశురాం, బంగారమా?" పక్క గది ఆగయ్య గోడ మీద కూర్చుని బీడీ ముట్టించాడు. అతనిదీ మగ్గం పనే.

"కీచురాయే."

"సూరత్‌ల కీచురాయా! ఇరవై ఏండ్లాయె నేనొచ్చి, ఒక్కటి అరవంగ ఇన్లే. ఈ మిల్లుల రంగునీళ్లకు దోమలే బతుకుతయి."

దండెం మీద బట్టలు తీస్తున్న అతని భార్య గంగవ్వ ఇటు తిరిగింది. "ఎందుకు లెవ్వు? మోరి పక్కపొంటి ఒర్లుతనే ఉంటయి."

"దీని చెవుల్ల పురుగు సొచ్చినట్టుంది!" అన్నాడు ఆగయ్య. పరుశురాం కూడా నవ్వాడు. అతను వచ్చీ పద్నాలుగేళ్లైంది. నిజమే, ఒక్కటీ వినలేదు.

ఊర్మిళ అతని చొక్కా పట్టి లాగింది. రెండు కంపల మధ్య పెద్ద సాలెగూడు. నడుమ పసుపుచారల సాలీడు, దాని కాళ్ల కింద తెల్లటి మెలికల పట్టీ.

"సూడు బాపూ, గూడు నడుమ అంచు నేసింది."

పరుశురాం మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అబ్బ! జరీ అంచు లెక్కనే ఉన్నది. పోగు ఏడ తెగలే సూడు. దీనికి ఏ మేస్త్రీ నేర్పిండో!"

ఊర్మిళ పెదవి చివర నవ్వులాంటిది మెరిసింది. ఆ మెరుపుకే అతనికి ప్రాణం లేచొచ్చింది. లేచి మురుగు మోరి దగ్గరి పగిలిన బండ ఎత్తాడు. ఊర్మిళ ఒక్క ఉదుటున దూకి దోసిలి మూసింది.

"దొరికింది! మీసాలు పొడుగు. తోక కాడ సూది లేదు. సూది ఉంటే ఆడది బాపూ, ఆడది అరవది. ఇది మొగది!"

మూతకు చిల్లులు పొడిచిన మిఠాయి డబ్బాలో దాన్ని పెట్టి గదికి తెచ్చారు. పొద్దుగూకింది. డబ్బా కిటికీలో పెట్టి ఇద్దరూ ఎదురుగా కూర్చున్నారు. కాసేపటికి ఊర్మిళ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. తల్లి పోయాక ఆ ముఖం అంత తేలికపడటం అతను చూడలేదు.

"ఎప్పుడరుస్తది బిడ్డా?"

ఊర్మిళ కళ్లు తెరిచి తండ్రి వైపు అట్లాగే చూసింది. లేచి డబ్బా తెచ్చి అతని చెవికి ఆనించింది. "ఇను బాపూ."

ఊపిరి బిగబట్టాడు. ఏమీ వినిపించలేదు. డబ్బా కళ్ల ముందుకు తెచ్చుకుని చూశాడు. పురుగు రెక్కలు కొంచెం పైకెత్తి వణుకుతోంది.

"భయపడ్డది పాపం."

వాకిట్లోంచి గంగవ్వ, వెనకే ఆగయ్య వచ్చారు. ఆగయ్య డబ్బాలోకి తొంగిచూశాడు. "పోయి పోయి మూగదాన్ని పట్టుకొచ్చినవేందే!"

గంగవ్వ నవ్వలేదు. "బువ్వ సల్లగైతంది, నడువ్," అని మొగుడి చెయ్యి పట్టి తీసుకుపోయింది.

ఊర్మిళ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. పరుశురాం డబ్బా కింద పెట్టాడు.

"ఏడ్వకు బిడ్డా. నా నసీబే గంత. రేపు మామతోటి పో. ఊళ్లె నీ కీచురాళ్లు నీకుంటయి."

ఊర్మిళ ముఖం తుడుచుకుని సంచి విప్పింది. ఒక్కో జత తీసి మేకులకు తగిలించింది. తర్వాత తండ్రి పక్కన కూర్చుని, అతని చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"నేను పోను బాపూ! నీ కాడనే ఉంట!"

పిల్లకు అంత గొంతుందని అతనికి ఇప్పుడే తెలిసింది. "గంత లొల్లి ఎందుకే, నాకు ఇనొస్తలేదా?" అని నవ్వాడు. అంతలోనే అర్థంకానట్టు డబ్బా వైపు చూశాడు. "మరి అది అరవకపాయె గద బిడ్డా?"

ఊర్మిళ అతని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

డబ్బాలో కీచురాయి అరుస్తూనే ఉంది.