చీపురు పట్టిన వాలంటీరు

చీపురుతో ఒకావిడ వెనకాల తరుముతుంటే మనిషి ఎంత జోరుగా పరుగెత్తగలడో భీమశంకరరావుకి ఆ ఆదివారమే తెలిసింది.

"అటెల్లకు బాబూ. అటు కాదు."

ఆయన ఆగలేదు. పిచ్చిదనుకున్నాడు.

భీమశంకరరావుది విజయనగరంలో ఉప్పూ పప్పూ అమ్మే కొట్టు. మనిషి కాటాకి ఎక్కువ, బస్తాకి కాస్త తక్కువ.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఊళ్ళో ఒక క్లబ్బువారు మొట్టమొదటిసారి సగం మారథాన్ పెట్టారు. విజయనగరంలో మొదలు, రామతీర్థంలో ఆఖరు. వినగానే ఈయన పేరిచ్చేశాడు.

"హిందీ పరీక్షలు సగం. హార్మోనియం సగం. డాబా మీద గది సగం. ఇప్పుడీ పరుగొకటా?" అంది భార్య పార్వతీదేవి.

"పందెమే సగం కదా. ఇక సగంలో ఆపడానికి వీల్లేదు. ఇదొక్కటీ పూర్తి చేస్తాను."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే బనీనుకి నంబరు గుడ్డ కుట్టిపెట్టింది.

పదకొండింటికి రామతీర్థంలో పందెం ఆఖర్న కట్టిన తాడు విప్పేస్తారు. ఆ తరవాత వచ్చినవాడు భక్తుల్లో లెక్కేగాని, పరుగువాళ్ళలో లెక్క కాదు. భీమశంకరరావు భయమంతా అదే.

ఆ భయంలో ఉండగా ఈ చీపురు.

ఆవిడ పట్టుకు లాగేసరికి బనీను వెనక నుంచి చర్రున చిరిగింది. ఆగక తప్పలేదు.

"నీకేం పుట్టిందమ్మా?"

"రామతీర్తం ఇటు కాదు బాబూ. ఇది కాలవ గట్టుకెల్తాది."

"చెప్పడానికి నువ్వెవరు? నీకు క్లబ్బు బిళ్ళేదీ?"

"బిల్లా లేదు, గిల్లా లేదు. ఎనక్కి తిరుగు."

యాభై దాటిన మనిషి. చెంగు నడుముకి బిగించింది. ఆయాసం ఆయన కంటే ఎక్కువగా ఉంది.

వెనక్కి వచ్చి చూస్తే, దారి రెండుగా చీలేచోట ఒక ఇల్లు. ఇంటిముందు రోడ్డు మీద ఇంత పెద్ద తామరపువ్వు ముగ్గు.

"ఇక్కడ సున్నంతో బాణం గుర్తుంటుందన్నారు. బాణం మానేసి చీపురు పెట్టారా? నిన్నిక్కడ పెట్టినవాడికి బుద్ధి లేదు."

ఆవిడ ఏదో చెప్పబోయి తల దించుకుంది.

"ఎల్లు బాబూ, బేగెల్లు. తాడిప్పేస్తారంట."

కాస్త దూరం వెళ్ళేసరికి వెనక మళ్ళీ అదే కేక వినిపించింది. ఆయన తిరిగి చూడలేదు.

రామతీర్థంలో తాడు ముడి మీద చెయ్యి పడుతుండగా భీమశంకరరావు పొట్ట వెళ్ళి తాడుకి తగిలింది. మిగతా మనిషి ఆ తరవాత వచ్చాడు.

"పతకం నీకా, నీ పొట్టకా బావా?" అన్నాడు అక్కడ కాసుకుని ఉన్న బావమరిది వెంకటరావు.

పరుగయ్యాక అందరూ సత్రం అరుగు మీద కాళ్ళు చాపుకున్నారు. కాళ్ళకి విశ్రాంతి దొరకగానే నోళ్ళకి పని దొరికింది.

"దూరం చాలలేదని ఊళ్ళమ్మట తిప్పి తిప్పలు పెట్టారు."

"నెల్లిమర్లలో ఆ చంపావతి వంతెన చంపేసిందంటే నమ్ము."

"మంచినీళ్ళ పీపాలో పీపా ఒక్కటే ఉంది."

"మనకని చేసిన ఇడ్లీలు క్లబ్బువారే లాగించేశారు. ఇది ఆర్గనైజేషన్ కాదర్రా, ఆరగింపైజేషన్," అన్నాడు భీమశంకరరావు.

మొదట వచ్చి కప్పు కొట్టిన సోములు మాత్రం చెయ్యెత్తాడు.

"ఏమాటకామాటే. ఆ చీపురావిణ్ణి పెట్టడం మంచి పని. లేకపోతే నేను కాలవలో తేలుదును."

"నేనూ అంతే," అన్నారు ఇద్దరు ముగ్గురు.

అందరూ కలిసి క్లబ్బు సెక్రటరీ గణపతిరావు మెడలో దండ వేశారు. ఆయన వేయించుకున్నాడు.

"ఇంతకీ ఎవరండీ ఆవిడ?" అని పక్కకి పిలిచి అడిగాడు భీమశంకరరావు.

"ఏ ఆవిడ? అక్కడ నిన్న సాయంత్రం బాణం గీయించానంతే. మనిషినెవర్నీ పెట్టలేదే," అన్నాడు గణపతిరావు దండ సర్దుకుంటూ.

మర్నాడు కొట్టు తెరవలేదు.

పార్వతీదేవి పెట్టెలోంచి కట్టని పొందూరు చీర తీసిచ్చింది. "మీ చేత ఒక పని పూర్తిగా చేయించిన మొదటి మనిషి. ఉత్తచేతులతో వెళ్ళకండి."

ఆ ఇంటి గుమ్మంలో ఒక చిన్నది నిలబడి ఉంది. పేరు నీలవేణి.

"మా యమ్మ బాబూ ఆవిడ. దేముడమ్మ. నన్ను సూడ్డానికి భావనపాడు నుంచొచ్చింది. పొద్దున్న బస్సుకి ఎల్లిపోనాది."

"అయ్యో. దణ్ణం పెట్టి పోదామని వచ్చాను."

"దణ్ణవా? తిట్టడానికొచ్చినారనుకున్నాను."

"ఎందుకు తిడతాను?"

"మీ బాణం తుడిసీసింది మా యమ్మే కదా. ఎవులో ముగ్గు సగంలో ఒగ్గీసినారనుకుని, పేడనీల్లు సల్లి పువ్వేసింది. మేం పొలానికెల్లిపోనాం. ముందొచ్చినాయన బాణవేదీ అనడిగితే గాని దానికి తెలీనేదు. మల్లీ గీద్దావంటే ముగ్గుపిండంతా పువ్వుకే అయిపోనాది. నిలబడి సెప్తే ఎవులూ ఆగలేదంట. సీపురు సూసి ఇంకా జోరందుకున్నారంట. మరేటి సేస్తాది, ఒక్కొక్కర్నీ ఎంటపడి తెచ్చింది."

భీమశంకరరావు కాలవ గట్టు దారికేసి చూశాడు.

మట్టిలో కాన్వాసు జోళ్ళ గుర్తులు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. వాటి మీదా, వాటి మధ్యా, ఒకే జత ఉత్తికాళ్ళ గుర్తులు వెళ్తూ వస్తూ, వెళ్తూ వస్తూ, లెక్కకి అందడం లేదు.

జేబులోంచి ఇత్తడి పతకం తీసి, చీర మీద పెట్టి నీలవేణికి ఇచ్చాడు.

"ఈ బిల్లేటి బాబూ?"

"మీ అమ్మని నీకు బిళ్ళేదీ అని అడిగాను. ఇదిగో, ఆవిడది నా దగ్గర ఉండిపోయింది."

కప్పు సోములింట్లో ఉంది, దండ గణపతిరావింట్లో ఉంది. ఆ పందెంలో అందరికంటే ఎక్కువ దూరం పరుగెత్తిన మనిషి మాత్రం, బాబుల పందెం పాడుచేసేశానని సిగ్గుపడుతూ, వాచిన కాళ్ళతో ఆ పొద్దున్నే భావనపాడు బస్సెక్కి వెళ్ళిపోయింది.