చుక్కాని పక్కన తాడు

"తాడు బిగించే క్లిప్పు ఎక్కడ పెట్టమంటారు సార్?" అని అడిగాడు మెకానిక్. పడవ మీద పెద్ద తెరచాపను లాగే తాడుకి నాలుగు కప్పీలు ఉండేవి. వాటిని తీసి ఆరు వేశాడు. ఇక లాగడం తేలిక.

"మా ఆవిడ కూర్చునే చోట పెట్టు. చుక్కాని నాది, తాడు తనది."

"చుక్కాని పక్కనే పెట్టు బాబూ," అంది భార్య. "పదహారేళ్లుగా లాగు, వదులు అని నా మీద అరుస్తున్నారు. ఇక ఆయన మీద ఆయనే అరుచుకుంటారు."

మెకానిక్ ఇద్దరినీ చూసి, ఆమె చెప్పిన చోట రంధ్రాలు వేశాడు.

భర్త ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో తాడు లాగాడు. తెరచాప కిమ్మనకుండా లోపలికి వచ్చింది.

"ఒక్కణ్ణే నడిపేయొచ్చే!"

"అందుకేగా మార్పించింది." ఆమె సంచీ భుజాన వేసుకుని రేవు మీదికి ఎక్కింది.

అతను తాడు వదిలాడు. మళ్లీ లాగాడు.

"ఆదివారం వస్తావా?"

"ఎందుకు? తాడుకి మనిషి అక్కర్లేదుగా."

అతను కారణం కోసం పడవంతా చూశాడు.

"ఊరికే."

ఆమె ఆగింది.

"ఊరికే అయితే వస్తాను. ఎన్ని గంటలకి?"