రాజహంస పిల్ల మొదటి భోజనం

ఏ దేశపు పక్షి అయినా వచ్చి చదువుకొనే చెరువు బడి ఒకటుండేది. అక్కడే పాఠం, అక్కడే తిండి, అక్కడే నిద్ర. బడికి పెద్ద ముసలి కొంగ పంతులు. కొంగకు పాఠం చెప్పడం కంటే కదలకుండా నిలబడటం బాగా వచ్చు. పంతుళ్లందరూ అంతేననుకోండి, ఆ సంగతి వదిలేద్దాం.

ఉప్పునేలల నుంచి కొత్తగా వచ్చిన రాజహంస పిల్లకు కడుపు మాడిపోతోంది. వాళ్ల వైపు తల కిందులుగా తిప్పి నీళ్లలో పెట్టి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టి తింటారు. ఇక్కడ అలా తింటే నవ్వుతారని, కొంగలాగా నిలబడి చేపలను పొడవబోయింది. ఒక్కటీ అందలేదు.

"ఇంటికి వెళ్లిపోతాను పంతులుగారూ," అంది ఏడుపు గొంతుతో.

"ఖాళీ కడుపుతో అంత దూరం ఎగరలేవు గాని, మీ ఇంట్లో ఎలా తింటారో చూపించవే అమ్మడూ," అంది కొంగ.

పిల్ల సిగ్గుపడుతూ తల తిప్పి నీళ్లలో పెట్టింది. బాతులు కిసుక్కుమన్నాయి.

"ఇది తిండా, శీర్షాసనమా?" అంది గూడబాతు.

కొంగ తన తలా అలాగే తిప్పబోయి బొక్కబోర్లా పడింది. చెరువంతా నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది రాజహంస పిల్ల.

"అలా కాదండీ! ముందు కాళ్లతో బురద కెలకాలి," అంటూ కొంగ దగ్గరికి పరిగెత్తింది.

బాతులూ, గూడబాతూ వచ్చి తలలు తిప్పాయి. "నవ్వుతూ తినకండర్రా, బురద గొంతులోకి పోతుంది!" అని గదమాయిస్తూ, మధ్యమధ్య తాను కడుపారా తింటూ, పొద్దుగూకేదాకా తిరిగింది ఆ పిల్ల. ఇంటికి దారెటో ఎవరినీ అడగలేదు.